డీపీఎఫ్ ప్రెషర్ సెన్సార్ కోడ్ వచ్చిందా? పార్టు మార్చే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే బీఎస్ 6 డీజిల్ బండ్లలో ఈ కంప్లయింట్ ఎక్కువ. మీటర్‌లో లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది, స్కానర్ పెడితే డీపీఎఫ్ ప్రెషర్ సెన్సార్ పేరుతో ఒక కోడ్ వస్తుంది. ఆ పేరు చూడగానే సెన్సార్ ఆర్డర్ పెట్టేస్తారు. అది పనిచేయకపోతే ఫిల్టర్ మార్చాలంటారు. ఆ తర్వాత ఫిల్టరే పీకి పారేద్దామంటారు. ఇందులో చాలా ఖర్చు అనవసరం. పావుగంట కూర్చుని కొలిస్తే తప్పు ఎక్కడుందో ఆ సెన్సారే చెబుతుంది. ఓనర్లు, డ్రైవర్లు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

డీపీఎఫ్ ఏం చేస్తుంది? దానికి ప్రెషర్ సెన్సార్ దేనికి?

డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్. సైలెన్సర్ లైన్‌లో, చాలా కార్లలో టర్బో కిందనే ఉంటుంది. లోపల సన్నటి గదులున్న సిరామిక్ దిమ్మ. పొగ గోడల గుండా బయటికి పోతుంది, మసి లోపలే ఆగిపోతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చినప్పుడు డీజిల్ కార్లకు మసి పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు తగ్గింది. ఫిల్టర్ లేకుండా ఆ లెక్క అందుకోవడం కష్టం. అందుకే ఇన్నోవా క్రిస్టా, క్రెటా, నెక్సాన్ లాంటి డీజిల్ బండ్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది.

పట్టుకున్న మసి నిండిపోకుండా అప్పుడప్పుడు కాల్చేయాలి. ఎప్పుడు కాల్చాలో ఈసీఎంకు, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు, తెలియాలంటే ఎంత నిండిందో తెలియాలి. ఫిల్టర్‌కు ముందు ఎంత ఒత్తిడి ఉంది, వెనక ఎంత ఉంది, ఆ రెండింటికీ తేడా ఎంత అన్నదే ప్రెషర్ సెన్సార్ చెబుతుంది. ఫిల్టర్ నిండేకొద్దీ తేడా పెరుగుతుంది. ఆ తేడానూ, ఇంజన్ లోపలికి వెళ్లే గాలి లెక్కనూ, కిలోమీటర్లనూ, కాలిన డీజిల్‌నూ కలిపి ఈసీఎం మసి ఎంతుందో అంచనా వేస్తుంది. అంటే ఆ గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ తప్పు చెప్పినా మసి లెక్క తప్పుతుంది.

సెన్సార్ ఎక్కడుంటుంది?

ఫిల్టర్ మీద ఉండదు, ఆ వేడికి తట్టుకోలేదు. కాస్త దూరంగా, ఫిల్టర్ కన్నా ఎత్తులో, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) మీదో ఇంజన్ పక్కనో బిగించి ఉంటుంది. అరచేతిలో పట్టేంత నల్ల ప్లాస్టిక్ ముక్క. కిందివైపు రెండు ముక్కులు, వాటికి రెండు రబ్బరు పైపులు, ఒక పక్క వైర్లు కలిపే మూడు పిన్నుల కప్లర్. కొన్ని మోడళ్లలో ఒకటే పైపు ఉంటుంది, రెండోవైపు బయటి గాలి ఒత్తిడితోనే పోలుస్తుంది. అలాంటి బండి చూసి పైపు ఊడిపోయిందని కంగారు పడకండి.

సెన్సార్ వైపు తప్పు ఉంటే బండి ఎలా ప్రవర్తిస్తుంది?

చెక్ ఇంజన్ లైటు వస్తుంది. కొన్నిటిలో డీపీఎఫ్ లైటు కూడా కలుస్తుంది. పికప్ తగ్గి, రేస్ ఇచ్చినా ఒక హద్దు దాటి ఎక్కదు. దాన్నే లింప్ మోడ్ అంటాం. మైలేజీ పడిపోతుంది.

వీటన్నిటికన్నా పెద్ద సంగతి ఒకటుంది. సెన్సార్ కోడ్ ఉన్నంతకాలం చాలా బండ్లలో ఈసీఎం రీజెన్ చేయడం మానేస్తుంది. రీజెన్ అంటే ఆ మసి కాల్చే పని. ఒత్తిడి ఎంతో తెలియకుండా ఫిల్టర్‌ను వేడి చేస్తే ప్రమాదం కాబట్టి ఆపేస్తుంది. ఈలోగా మసి మాత్రం చేరుతూనే ఉంటుంది. ఇవాళ పైపు తప్పుగా మొదలైంది నెల తిరిగేసరికి నిజంగానే ఫిల్టర్ జామ్ అయిన కేసుగా మారుతుంది. "లైటే కదా, బండి నడుస్తోంది కదా" అని వదిలేయొద్దని అందరికీ చెప్పేది ఇందుకే.

స్కానర్‌లో సెన్సార్ పేరే వచ్చింది. అంటే సెన్సార్ పోయినట్టే కదా?

కాదు. కోడ్ ఏ పార్టు మార్చాలో చెప్పదు, ఏ లెక్క తేడాగా ఉందో చెబుతుంది. పి2452 నుంచి పి2456 వరకు ఈ సెన్సార్ కుటుంబం. పి2452 అంటే సర్క్యూట్ తప్పు. పి2453 అంటే రీడింగ్ వస్తోంది కానీ అప్పటి ఇంజన్ పరిస్థితికి పొసగడం లేదు. పి2454 అంటే సిగ్నల్ మరీ తక్కువ, పి2455 అంటే మరీ ఎక్కువ, పి2456 అంటే వచ్చిపోతోంది.

2452, 2454, 2455 వస్తే ముందు వైరింగ్ మీద అనుమానం పెట్టుకోండి. 2453 వస్తే ముందు పైపులు చూడండి. 2456 దాదాపు ఎప్పుడూ వదులు కప్లరో, ఎక్కడో రాసుకుపోయిన వైరో.

వీటికి పక్కనే ఇంకో గుంపు ఉంది. పి2463 అంటే మసి ఎక్కువైంది. పి244బి అంటే ఒత్తిడి తేడా మరీ ఎక్కువ, పి244ఎ అంటే మరీ తక్కువ. పి2002 అంటే ఫిల్టర్ సరిగా పట్టుకోవడం లేదు. ఇవి ఫిల్టర్ గురించిన ఫిర్యాదులు. కానీ ఆ ఫిర్యాదు చేయడానికి ఈసీఎం నమ్ముకున్న సాక్షి ఈ సెన్సారే. సాక్షి చెప్పేది నిజమో కాదో తేల్చకుండా ఫిల్టర్ మీద చేయి వేయకూడదు.

కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీసుకోండి. తప్పు దొరికిన క్షణంలో స్పీడ్ ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద వచ్చిందా, హైవే మీద ఎనభైలో వచ్చిందా అన్న తేడా సగం దారి చూపిస్తుంది. చాలామంది మొదటి పనిగా కోడ్ కొట్టేస్తారు, దాంతో ఆ ఆధారం పోతుంది.

అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?

సున్నా చూడాలి. తాళం ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒకటే గాలి. స్కానర్ లైవ్ డేటాలో డిఫరెన్షియల్ ప్రెషర్, అంటే ఆ ఒత్తిడి తేడా, సున్నా దగ్గర ఉండాలి. రెండు మూడు మిల్లీబార్లు అటూ ఇటూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. యూనిట్లతో తికమక పడకండి: ఒక కిలోపాస్కల్ అంటే 10 మిల్లీబార్లు, ఒక పీఎస్ఐ అంటే దాదాపు 6.9 కిలోపాస్కల్.

ఇంజన్ ఆగి ఉండగానే 4 కిలోపాస్కల్ చూపిస్తోందనుకోండి. ఆ బండికి ఫిల్టర్ ఖాళీగా ఉన్నా సగం నిండినట్టే కనపడుతుంది. ఊరికే రీజెన్ మొదలుపెడుతూ ఉంటుంది. అప్పుడు సెన్సార్ దగ్గర రెండు పైపులూ తీసేసి మళ్ళీ చూడండి. పైపులు తీయగానే సున్నాకు వచ్చిందంటే పైపులో నీళ్లో మసో అడ్డుపడి ఒత్తిడి ఇరుక్కుంది. తీసినా అదే అంకె ఉంటే సెన్సార్ లెక్క తప్పింది, లేదా వైరింగ్‌లో వోల్టేజీ తేడా ఉంది.

ఈ ఒక్క పరీక్షకు రెంచి కూడా అక్కర్లేదు. అయినా దీన్ని దాటేసి ముందుకెళ్లిపోతుంటారు. అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే దాటేసినదానికి బిల్లు కట్టేది ఓనర్.

పైపుల్లో ఏం తప్పు ఉంటుంది? బయటికి బాగానే ఉన్నాయిగా?

బయటికి బాగున్నట్టే ఉంటాయి. చేత్తో పట్టుకుని వంచి చూడండి. ఫిల్టర్ వైపు స్టీలు గొట్టానికి తొడిగిన చివర రబ్బరు వేడికి గట్టిపడి, వంచగానే సన్నటి పగుళ్లు తెరుచుకుంటాయి. క్లిప్పు కింద ఉన్న భాగం పైనుంచి కనపడదు, క్లిప్పు జరిపి చూడాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఆగే బండ్లకు ఎలుకల బెడద వేరే. వైరు కొరికితే వెంటనే తెలుస్తుంది, పైపుకు పంటిగాటు పడితే తెలియదు.

ముందు పైపు, అంటే ఇంజన్ వైపుది, పగిలితే లోపలి ఒత్తిడి సెన్సార్‌కు చేరదు. రేస్ ఇచ్చినా అంకె లేవదు. ఫిల్టర్ పీకేశారేమో అని ఈసీఎం అనుమానించి పి2002 గానీ పి244ఎ గానీ పెడుతుంది. అదే పైపు మసితో పూడిపోతే అంకె ఆలస్యంగా లేచి ఆలస్యంగా దిగుతుంది. వెనక పైపు ఊడితే తేడా ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ కనపడుతుంది.

ఇంకో తప్పు మనుషులు చేసేది. గేర్‌బాక్స్ పనికో టర్బో పనికో సెన్సార్ విప్పి, తిరిగి బిగించేటప్పుడు రెండు పైపులూ అటుదిటు ఇటుదటు పెట్టేస్తారు. అప్పుడు రేస్ ఇస్తే అంకె మైనస్‌లోకి పోతుంది, లేదా సున్నా దగ్గరే అతుక్కుని ఉంటుంది. సెన్సార్ మీద హై, లో అని గుర్తులు గానీ పి1, పి2 అని గానీ అచ్చు వేసి ఉంటాయి. హై అన్నది ఫిల్టర్ ముందు వైపు నుంచి రావాలి. పైపు వెంట వేలు పెట్టుకుని కింద గొట్టం దాకా వెళ్లి చూడండి, అంచనాతో చెప్పొద్దు.

పైపు ఎక్కడా కిందికి జారి తొట్టిలా వంగకూడదు. పొగలో తేమ ఉంటుంది, చల్లారాక నీరవుతుంది. సెన్సార్ నుంచి ఫిల్టర్ దాకా ఏకవాలుగా ఉంటేనే ఆ నీరు వెనక్కి పోతుంది. మధ్యలో వంపు ఉంటే అక్కడే నిలిచి గడ్డకట్టిన మసితో బిరడాలా తయారవుతుంది.

శుభ్రం చేసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పైపును సెన్సార్ నుంచి పూర్తిగా విడదీశాకే గాలి కొట్టాలి, అదీ ఫిల్టర్ దిశగా. కంప్రెసర్ గాలి సెన్సార్ ముక్కులోకి పోతే లోపలి పొర అక్కడికక్కడే పోతుంది. స్టీలు గొట్టం పూడిపోయి ఉంటే మెత్తటి తీగతో మెల్లగా తీయండి. కొత్త పైపు వేస్తే వేడికీ పొగలోని యాసిడ్‌కూ ఆగేదే, పాతదాని పొడవు, లోపలి వ్యాసంతోనే వేయాలి. అందుబాటులో ఉందని డీజిల్ పైపు ముక్కో అక్వేరియం ట్యూబో వేస్తే నెల తిరక్కుండా కరిగిపోతుంది.

వైరింగ్ ఎలా చెక్ చేయాలి?

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. మూడు వైర్లలో ఒకటి 5 వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ఏది ఏదో ఆ బండి వైరింగ్ డయాగ్రామ్‌లో చూసుకోండి, రంగులు మోడల్‌కో రకం.

కప్లర్ తీసి, తాళం ఆన్ చేసి సప్లై, ఎర్త్ మధ్య కొలవండి. 5 వోల్టుల దగ్గర రావాలి. రాకపోతే సప్లైను బ్యాటరీ ఎర్త్‌తో కొలవండి. అప్పుడు 5 వచ్చిందంటే సెన్సార్ ఎర్త్ వైరే తెగింది. అప్పుడూ రాలేదంటే సప్లై వైపు తప్పు. ఈ 5 వోల్టులను ఈసీఎం ఒకే లైన్ మీద రెండు మూడు సెన్సార్లకు పంచుతుంది. కాబట్టి డీపీఎఫ్ సెన్సార్‌తోపాటు ఇంకో రెండు సెన్సార్ల కోడ్లు ఒకేసారి వచ్చి ఉంటే, వాటిలో ఏదో ఒకటి షార్ట్ అయి మిగతావాటిని కూడా పడగొట్టిందని అర్థం. ఒక్కో సెన్సార్ కప్లర్ తీస్తూ పోండి, ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే దొంగ.

తర్వాత కప్లర్ పెట్టి, వెనకనుంచి సన్నటి పిన్నుతో సిగ్నల్ కొలవండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు చాలా సెన్సార్లలో 0.5 వోల్టు దగ్గర, కొన్నిటిలో 1 వోల్టు దగ్గర ఉంటుంది. రేస్ ఇస్తే లేవాలి. మీటర్‌లో సరైన వోల్టేజీ ఉండి స్కానర్‌లో తప్పు అంకె ఉంటే, సిగ్నల్ వైరు మధ్యలో ఎక్కడో దెబ్బతింది. వైరు కట్టను చేత్తో కదుపుతూ స్కానర్ గ్రాఫ్ చూస్తే వచ్చిపోయే తప్పు దొరికిపోతుంది. బ్రాకెట్ అంచు దగ్గర, ఇంజన్ ఊగినప్పుడు వైరు రాసుకునే చోట ముందు చూడండి.

వైరు తొలిచి టెస్ట్ లైటు గుచ్చే అలవాటు ఈ సర్క్యూట్‌లో పనికిరాదు. బల్బు లాగే కరెంటుకు ఈసీఎం దెబ్బతినే ప్రమాదం ఉంది, గుచ్చిన చోట తేమ చేరి తర్వాత ఇంకో తప్పు మొదలవుతుంది.

సున్నా బాగుంది, వైరింగ్ బాగుంది. సెన్సార్ నిజం చెబుతోందని ఎలా తేలుతుంది?

తెలిసిన ఒత్తిడి ఇచ్చి, అంతే చూపిస్తోందా అని చూడాలి. గేజ్ ఉన్న హ్యాండ్ పంపు ఉంటే పని తేలిక. లేకపోయినా ఫరవాలేదు, తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే లెవెల్ ట్యూబ్ రెండున్నర మూడు మీటర్లు తెచ్చుకోండి.

ట్యూబ్‌ను యు ఆకారంలో పట్టుకుని కింది వంపులో నీళ్లు పోయండి. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, సెన్సార్ పైపులు రెండూ తీసేయండి. ట్యూబ్ ఒక చివర హై ముక్కుకు గాలి పోకుండా తొడగండి, లో ముక్కును ఖాళీగా వదలండి. ఇప్పుడు రెండో చివరను మెల్లగా పైకెత్తండి. రెండు వైపులా నీటి మట్టాల మధ్య ఎత్తు తేడా వస్తుంది. ఆ తేడా 10 సెంటీమీటర్లు ఉంటే ఒత్తిడి దాదాపు 1 కిలోపాస్కల్, 50 సెంటీమీటర్లు ఉంటే 4.9. టేపు పెట్టి కొలవండి, స్కానర్‌లో అంకె చూడండి. రెండూ దగ్గరగా ఉంటే సెన్సార్ మంచిదే. సగమే చూపించినా, మట్టం దించాక సున్నాకు తిరిగి రాకపోయినా సెన్సార్ మార్చాల్సిందే. నీళ్లు సెన్సార్ వైపు ఎక్కకుండా ఆ పక్క ట్యూబ్ పొడవుగా, మట్టం బాగా కిందికి ఉండేలా చూసుకోండి.

కుర్రాళ్లకు ఇది ఒకసారి చేయించండి. ట్యూబ్‌లో నీళ్లు ఎక్కుతుంటే స్కానర్‌లో అంకె ఎక్కడం కళ్లారా చూసినవాడు ఆ తర్వాత ఊరికే సెన్సార్ మార్చడు.

ఇంజన్ నడుస్తున్నప్పుడు ఎంత ఉండాలి?

కచ్చితమైన అంకె మోడల్‌ను బట్టి మారుతుంది, ఆ బండి మాన్యువల్‌దే ఆఖరి మాట. మోటు లెక్కకు, ఇంజన్ బాగా వేడెక్కాక శుభ్రమైన ఫిల్టర్ ఐడిల్‌లో 1 కిలోపాస్కల్ లోపు, న్యూట్రల్‌లో 2,500 నుంచి 3,000 ఆర్‌పీఎం దగ్గర కొద్ది కిలోపాస్కల్ చూపిస్తుంది. అదే రేస్‌కు పదిపైన చూపిస్తే ఫిల్టర్ నిజంగా నిండి ఉండొచ్చు. అంకె కన్నా నడక ముఖ్యం. రేస్ ఇచ్చిన వెంటనే లేవాలి, వదిలిన వెంటనే దిగాలి.

ఎంత రేస్ ఇచ్చినా సున్నాయే ఉంది. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నట్టేగా?

అలా ఎప్పుడూ ఉండదు. కొత్త ఫిల్టర్‌కైనా పొగ వెళ్లేటప్పుడు ఎంతో కొంత తేడా ఉంటుంది. సున్నా కదలడం లేదంటే ముందు పైపు పగిలింది, పూడింది, లేదా లోపల ఫిల్టర్ చిట్లింది. ఎవరైనా దాన్ని ఖాళీ చేసి ఉండొచ్చు కూడా. సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి కొనేటప్పుడు ఈ ఒక్క అంకె చూసుకోండి. సైలెన్సర్ చివర వేలితో తుడిస్తే నల్లగా మసి అంటినా అదే అనుమానం. ఫిల్టర్ బాగున్న బండి పైపు లోపల దాదాపు శుభ్రంగా ఉంటుంది.

మా బండి వరదలో నిలిచింది. అప్పటినుంచి ఈ కోడ్ వచ్చిపోతోంది. సంబంధం ఉందా?

ఉండే అవకాశం చాలా ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన బండి ఆరాక స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కప్లర్ లోపల మాత్రం పిన్నులకు పచ్చటి చిలుము పట్టడం మెల్లగా మొదలవుతుంది. నెలల తర్వాత కోడ్ వస్తుంది, అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు. కప్లర్ విప్పి లైటు వేసి చూడండి. చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి, పిన్ను తినేసి ఉంటే కప్లర్ ముక్క మార్చండి. పాత కార్లలో చేసినట్టు వైర్లు మెలిపెట్టి టేపు చుడితే మళ్ళీ వర్షాకాలానికి ఇదే పని. బండి మునిగిన విషయం మెకానిక్‌కు ముందే చెప్పండి, దాచడం వల్ల మీకే ఖర్చు.

కొత్త సెన్సార్ వేశాం. అయినా లైటు పోలేదు. ఎందుకు?

కారణాలు మూడు నాలుగు ఉంటాయి. కొత్త సెన్సార్ వేశాక చాలా బండ్లలో స్కానర్‌తో సున్నా నేర్పించాలి, జీరో అడాప్టేషన్ అంటారు. అది చేయకపోతే పాత సెన్సార్ తప్పు లెక్కనే కొత్తదానికీ కలుపుకుంటుంది. కొన్నిసార్లు పార్టు నంబరు కలవదు. ముక్కులు, కప్లర్ ఒకేలా ఉన్నా లోపలి కొలమానం వేరు. పాత పైపులే మళ్ళీ తొడిగి ఉంటే అసలు తప్పు అలాగే ఉంది. ఇంతకాలం రీజెన్ ఆగిపోయి ఉంటే ఈపాటికి ఫిల్టర్ నిజంగానే నిండి ఉంటుంది.

లైటు పోవడానికి స్కానర్‌లో మసి కౌంటర్‌ను సున్నా చేసేయడం కొన్నిచోట్ల చూస్తున్నాం. ఫిల్టర్ మార్చినప్పుడో, బయటికి తీసి శుభ్రం చేసినప్పుడో తప్ప అది చేయకూడదు. నిండిన ఫిల్టర్‌ను ఖాళీ అని చెప్పినట్టవుతుంది. తర్వాత రీజెన్ మొదలైనప్పుడు లోపలున్న మసంతా ఒక్కసారి అంటుకుని సిరామిక్ పగిలిపోవచ్చు.

ఫోర్స్‌డ్ రీజెన్ పెట్టించుకోవచ్చా?

ఫోర్స్‌డ్ రీజెన్ అంటే బండి నిలబెట్టి స్కానర్‌తో రీజెన్ చేయించడం. సెన్సార్ నిజం చెబుతోందని తేలాకే. రీజెన్‌లో ఫిల్టర్ లోపల 550 నుంచి 650 డిగ్రీల వేడి పుడుతుంది. సెన్సార్ తక్కువ చూపిస్తుంటే ఈసీఎం ఉన్నదానికన్నా తక్కువ మసి ఉందనుకుని కాలుస్తుంది, వేడి అదుపు తప్పుతుంది. మసి హద్దు మీరితే ఈసీఎమ్మే రీజెన్‌కు ఒప్పుకోదు. అప్పుడు ఫిల్టర్ బయటికి తీసి శుభ్రం చేయించాలి.

బండిని ఆరుబయట, సిమెంటు నేల మీద పెట్టండి. మిర్చి కల్లాల పక్కన, ఎండుగడ్డి మీద, గోనె సంచుల దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఈ మాట గుంటూరు, పల్నాడు వైపు రైతు సోదరులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దగ్గర పెట్టుకోండి, అయ్యేదాకా మనిషి పక్కనే ఉండాలి.

హైవే మీద తోలితే సరిపోతుందని అంటారు. నిజమేనా?

ఫిల్టర్ కొంచెం నిండి, సెన్సార్, వైరింగ్ బాగుంటే నిజమే. పటమట నుంచి గవర్నర్‌పేటకూ, స్కూలుకూ, కూరగాయలకూ తిరిగే బండి సరిగా వేడెక్కే లోపే ఆగిపోతుంది. రీజెన్ మొదలైనా మధ్యలో తెగుతుంది. అలాంటివాళ్లు వారం పదిరోజులకోసారి వారధి దాటి మంగళగిరి, కాజ టోల్ మీదుగా గుంటూరు వైపు ఒక ఇరవై నిమిషాలు ఆగకుండా అరవై పైన తోలండి. ట్యాంకులో పావు వంతైనా డీజిల్ ఉండాలి, రిజర్వ్‌లో ఉంటే చాలా బండ్లు రీజెన్ చేయవు. ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, ఐడిల్ కాస్త పెరిగి, వేడి వాసన వస్తుంటే రీజెన్ నడుస్తోందని గుర్తు. అప్పుడు తాళం తీయొద్దు.

సెన్సార్ కోడ్ ఉన్న బండిని మాత్రం హైదరాబాద్ దాకా తోలినా లాభం లేదు, చాలా బండ్లలో రీజెన్ మొదలే కాదు.

ఇంజన్ ఆయిల్ లెవెల్ పెరుగుతోంది. దీనికీ దానికీ ఏం సంబంధం?

రీజెన్‌కు వేడి పుట్టించడానికి చాలా ఇంజన్లలో అదనంగా డీజిల్ కొడతారు. రీజెన్ మాటిమాటికీ మొదలై తెగిపోతుంటే ఆ డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. కడ్డీ తీసి చూస్తే మ్యాక్స్ గీత దాటి ఉంటుంది, వాసన డీజిల్‌ది. అలా ఉంటే తోలకండి, ఆయిల్ మార్చి అసలు కారణం వెతకండి. ఆయిల్ కూడా ఆ కంపెనీ చెప్పిన తక్కువ బూడిద రకమే పోయాలి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే శాశ్వతంగా మిగిలిపోతుంది.

ఫిల్టర్ పీకేసి, సాఫ్ట్‌వేర్ మార్చేస్తే గొడవ వదులుతుందని చెప్పారు. చేయించమంటారా?

వద్దు. మా షెడ్డులో ఎవరు ఎంత ఇస్తామన్నా చేయం.

కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర మీ సైలెన్సర్ వెనక స్కూటీ మీద నిలబడిన పిల్లాడు ఆ మసి పీలుస్తాడు. వందల్లో అయ్యే రబ్బరు పైపు తప్పుకు ఆ పని చేయడం అన్యాయం.

మొబైల్‌కు కనెక్ట్ అయ్యే చిన్న బ్లూటూత్ స్కానర్ చాలా?

కోడ్ చదవడానికి, కొన్ని బండ్లలో ప్రెషర్ అంకె చూడడానికి చాలు. జీరో అడాప్టేషన్‌కూ రీజెన్‌కూ ఆ బండిని పూర్తిగా సపోర్ట్ చేసే స్కానర్ కావాలి.

లారీలకూ ఇదే పద్ధతా?

పద్ధతి ఇదే. బ్యాటరీ 24 వోల్టులైనా సెన్సార్‌కు వచ్చేది 5 వోల్టులే. చాలా బీఎస్ 6 లారీలకు డ్యాష్‌బోర్డు మీద రీజెన్ స్విచ్ ఉంటుంది. మిర్చి యార్డు బయట లోడ్ కోసం గంటల తరబడి ఇంజన్ ఐడిల్‌లో ఉంచడం ఫిల్టర్‌కు మంచిది కాదు, ఆపేయండి. యార్డు లోపల, సరుకు పక్కన ఆ స్విచ్ నొక్కవద్దు.

షెడ్డుకు వెళ్లినప్పుడు ఓనర్‌గా నేనేం అడగాలి?

కోడ్ ఏంటో, ఫ్రీజ్ ఫ్రేమ్ ఏం చెబుతోందో రాసిమ్మనండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ప్రెషర్ ఎంత, ఐడిల్‌లో ఎంత, మూడు వేల ఆర్‌పీఎం దగ్గర ఎంత అని అడగండి. పైపులు విప్పి చూశారా, 5 వోల్టులు కొలిచారా అని అడగండి. కొలిచినవాళ్లు వెంటనే చెబుతారు, సంతోషంగా చూపిస్తారు కూడా. తీసేసిన పాత పార్టు మీకు ఇచ్చేయమనండి. బండి వారంటీలో ఉంటే బయట వైర్లు కత్తిరించనివ్వకుండా నేరుగా కంపెనీ సర్వీస్‌కు తీసుకెళ్లండి. రిపేరయ్యాక ఇవే మూడు అంకెలు మళ్ళీ చూపించమని, ముందు రాసిన వాటితో పోల్చుకున్నాకే బిల్లు కట్టండి.